కాకిబంగారం

గూడూరు రైలుగేటు పక్కన నా కొట్టు.
ఫ్యాన్లు, మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు.
ఇవాళొక పాత పెట్టె విప్పితే
కాయిలు కింద
నా మునివేళ్ళకు ముందే తెలిసిన నునుపు.
అభ్రకం రేకు.
సైదాపురం పక్క మావాళ్ళు కాకిబంగారం అంటారు.
బంగారం ఎవరిదో గాని
కాకులం మాత్రం మేమే.

దాని పని చిన్నదే.
వేడిని పోనిస్తుంది, కరెంటును పోనీదు.
సెగ బట్టకు తగలాల,
పిడి పట్టుకున్న చేతికి షాకు తగలగూడదు.
అడ్డం ఒకటుందని తెలియకుండా
అడ్డం ఉంటుంది.

మా అమ్మ చెంగమ్మ
పద్దెనిమిదేళ్ళు రేకుల షెడ్డులో కూచుంది.
ఒళ్ళో గోనెపట్టా, చేతిలో వంకర కత్తి.
రాతిని పొర పొరగా విప్పడం, అంచు కోయడం,
మరకున్నది ఒక కుప్ప, లేనిది ఒక కుప్ప.
పొద్దుగూకే వేళకు ఆమె రెప్పల మీద తళుకు.
పెళ్ళికి పోతున్నట్టుండేది మొగం.

ఆ షెడ్డుకు తలుపు లేదు.
అది చెప్పాలి.
గొలుసు లేదు, కొరడా లేదు,
గనాయన ఎవరినీ పేరెత్తి తిట్టిన పాపాన పోలేదు.
తన మనవరాలి ఈడు పిల్లనైనా "అమ్మా" అనేవాడు.
తిరునాళ్ళకు పసుపురంగు చీరలు,
చస్తే పాడెకు వెదుళ్ళు,
బడిలో ఫస్టొచ్చినోడికి
వాళ్ళ నాయన బొమ్మున్న నోటుపుస్తకం.
నాకూ ఒకటొచ్చింది,
ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయరాదని
వ్యాసం రాసినందుకు.
మా ఇంట్లో ఉప్పు మా అమ్మ కొన్నదే.
అది రాయాలని తోచలేదు.

ఆదెమ్మని ఒకామె ఉండేది,
రాపూరు నుంచి వచ్చిన కోడలు.
ఒక శనివారం తూకం దగ్గర నిలబడి అడిగింది:
"మేస్త్రీ, ఈ రేకు యాడికి పోతాది?
ఆడ దీనికి ఎంతిస్తారు?"

దశయ్య మేస్త్రి నోరు తెరవలేదు.
తెరవాల్సిన పని పడలేదు.
ముందు మా అమ్మ నవ్వింది.
"లెక్కలడిగే మొగం చూడండే!"
ఆ పక్క మస్తానమ్మ, ఆ వెనక ముసలి రవణమ్మ
కొంగు నోట్లో కుక్కుకొని,
ఇంక షెడ్డంతా, నలభై మంది.
"దొరసాని వచ్చిందిరో, లేచి కుర్చీ వేయండి!"
ఏడేళ్ళ నేను గోనెపట్టాల మీద పడి దొర్లాను.
ఎందుకో తెలీదు.
నవ్వు బాగుంది.
అందరిదీ ఒకటే నవ్వు.

ఆదెమ్మ తన చోటుకు పోయి కూచుంది.
సోమవారం రాలేదు.

ఆ వారమంతా గనాయన మద్రాసులో ఉన్నాడు.
ఈ సంగతి ఆయనకు ఎవరూ చెప్పి కూడా ఉండరు.

గని మూతపడ్డ రోజు ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుంటే
మావాళ్ళే చుట్టూ చేరి ఓదార్చారు.
రేపటి కూటికి దారి లేనోళ్ళు
మూడంతస్తుల మేడాయనను.

రేకును కంటికి ఆనించి చూశాను.
రైలుగేటు, సోడాబండి,
గేటు ఎత్తేదాకా ఆగిన జనం,
అన్నీ కనిపించాయి, రేకు తప్ప.
కొంచెం వాలిస్తే, అప్పుడు మెరిసింది.

రాత్రి ఇంటికి పట్టుకుపోయాను.
అమ్మకు చూపు మందగించింది.
వేలితో అంచు తడిమి
"మంచి చెయ్యిరా కోసింది, పెట్లు లేవు" అని మురిసింది.
ఆయన పుణ్యాన బతికాం అంది, అలవాటుగా.
తర్వాత అడిగింది,
"ఇదెంత, నీ కొట్లో?"
"నలభై రూపాయలు."

రేకు ఒళ్ళో పెట్టుకుంది.
పొయ్యి మీద ఎసరు పొంగి
మూత కదిలేదాకా మాట్లాడలేదు.
"అబ్బయా,
ఆ పొద్దు ఆదెమ్మ మొగం ఎట్టుండిందో
నీకేమన్నా గుర్తుందా?"

లేదమ్మా.
నేను నవ్వతా ఉండాను.